ఖాళీ పేటికల జిల్లా

చిలకపాడు విత్తన పరీక్షా కేంద్రంలో విత్తనం మంచిదో చెడ్డదో తేల్చడానికి శాస్త్రసమ్మతమైన పద్ధతి ఒకటి ఉండేది. రైతు తెచ్చిన విత్తనాన్ని కేంద్రం వెనుక ఉన్న మడిలో నాటేవారు. నీళ్ళు పెట్టేవారు. మొలిచి, ఎదిగి, కాయ కాస్తే మంచి విత్తనమనీ, కాయకపోతే చెడ్డదనీ కాగితం మీద ధ్రువీకరించి, దాన్ని రైతుకు పోస్టులో పంపేవారు. ఆ కాగితం అందేసరికి రైతు కూడా తన పొలంలో అదే పరీక్ష పూర్తిచేసి అదే ఫలితానికి వచ్చి ఉండేవాడు. రెండు ఫలితాలూ ఎప్పుడూ కలిసేవి. అందువల్ల కచ్చితత్వంలో ఆ కేంద్రానికి రాష్ట్రంలో మంచి పేరుండేది.

ప్రసూనాంబ అక్కడ సాంకేతికాధికారిగా చేరింది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆమె, ఆమె స్నేహితులు కలిసి ఒక ప్రోగ్రాం రాశారు. విత్తనాలను స్కానర్ అద్దం మీద పరిచి బొమ్మ తీస్తే చాలు, అది ఏ రకమో, అందులో కల్తీ ఎంతో, కాయ కాస్తుందో లేదో ఆ ప్రోగ్రాం కాసేపట్లో చెప్పేది. విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని పొలాల్లో పరీక్షించి, నమ్మదగినదేనని ఒప్పుకున్నారు కూడా.

చిక్కల్లా కేంద్రంలోని కంప్యూటర్‌తోనే. ప్రోగ్రాంకు కావలసిన సరంజామా అందులో లేదు, ఉన్న సరంజామా ప్రోగ్రాంకు సరిపడదు. దీనికి కంటైనర్ సాఫ్ట్‌వేర్ అని ఒక ఉపాయం ఉంది. పెళ్ళివంటకు వచ్చే వంటవాళ్ళు తమ గుండిగలు, గరిటెలు, పొయ్యి అన్నీ తామే మూటగట్టి తెచ్చుకుంటారు కదా. అలాగే ప్రోగ్రాం తన సామానంతా ఒక పెట్టెలో పెట్టుకుని వస్తుంది. ఆ పెట్టెను దించుకోవడానికి కంప్యూటర్‌లో చోటు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేస్తే చాలు. ప్రసూనాంబకు కావలసింది అంతే. దానికి ఆమె అదే ఆవరణలో కూర్చునే జిల్లా వ్యవసాయ ఉపసంచాలకులు దక్షిణామూర్తిగారి దగ్గరకు అనుమతి కోసం వెళ్ళింది.

దక్షిణామూర్తిగారు ఆమె అర్జీని పక్కన పెట్టి, దానికి జతచేసిన సూచనల పుస్తకాన్ని చదివారు. మొదటి వాక్యం దగ్గరే ఎర్ర పెన్సిల్ ఆగింది.

"'మీ పర్సనల్ కంప్యూటర్‌లో ఈ విధంగా ఇన్‌స్టాల్ చేసుకోండి' అని ఉంది. పర్సనల్ అంటే ఏమిటమ్మా?"

"అది ఆ రకం కంప్యూటర్ పేరు సార్. బల్లమీద పెట్టుకునేవన్నీ పర్సనల్ కంప్యూటర్లే."

"పర్సనల్ అంటే వ్యక్తిగతం. మన శాఖలో వ్యక్తిగత కంప్యూటర్లు లేవు. సమస్తం ప్రభుత్వానివి. వ్యక్తిగత కంప్యూటర్‌కు ఉద్దేశించిన వస్తువును ప్రభుత్వ కంప్యూటర్‌లో ప్రవేశపెట్టడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం."

"పోనీ, నా సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోనా సార్? అది వ్యక్తిగతమే."

"వ్యక్తిగత వస్తువుతో ప్రభుత్వ కార్యం నిర్వహించడం అంతకంటే విరుద్ధం. రేపు మీరు సెలవు పెడితే ప్రభుత్వం మీ ఇంటి గుమ్మంలో నిలబడాలి."

ప్రసూనాంబ లేవలేదు. గుమ్మం బయట విత్తన పొట్లాలు పట్టుకుని కూర్చున్న రైతులను చూపించింది. వానలు దగ్గరపడుతున్నాయని, నారు పోసేలోగా ఫలితం చెప్పకపోతే చెప్పీ లాభం లేదని అంది. దక్షిణామూర్తిగారు చెడ్డవారు కాదు. కిటికీలోంచి వాళ్ళను చూసి, గొంతు తగ్గించారు.

"అనుమతి ఇవ్వడానికి నాకు అధికారం లేదు. నిరాకరించాలంటే కారణం రాయాలి, అది ఇంకా ప్రమాదం. అందుచేత సదరు విషయం నా దృష్టికి రాలేదు. అర్థమైందా?"

ప్రసూనాంబకు అర్థమైంది. సర్వీసంతా ఏ విషయమూ దృష్టికి రాకుండా జాగ్రత్తపడిన మనిషి ఇవ్వగలిగిన పెద్ద ఆశీర్వాదం అదే. ఆమె నమస్కారం పెట్టి వచ్చేసింది.

మరునాడే పని మొదలుపెట్టింది. మొదటిసారి సాఫ్ట్‌వేర్ మొరాయించింది. యంత్రం లోపల ఒక సదుపాయం మూసి ఉందని, ముందు దాన్ని తెరవాలని చెప్పింది. కంప్యూటర్‌ను ఆపి, మళ్ళీ లేపి, అది కళ్ళు తెరిచేలోగా ఒక మీట నొక్కి లోపలికి వెళ్ళి ఆ సదుపాయాన్ని తెరిచింది. అప్పుడు మెమరీ చాలదంది. పక్కగదిలో ఇంకో కంప్యూటర్ ఉంది. దానికి పూలకుండీ మోయడం తప్ప వేరే బాధ్యతలు లేవు. దాని మెమరీ ఊడదీసి దీనికి తగిలించింది. ఆ తర్వాత ఆఫీసు ఇంటర్నెట్ మీద పెట్టె దిగుమతి అవుతుంటే, భోజనం కూడా మాని తెరముందు కూర్చుంది. సాయంత్రానికి తెరమీద ఒక్క ముక్క వచ్చింది: నడుస్తోంది. ఆ కార్యాలయంలో ఏదైనా నడుస్తున్నట్టు రాతపూర్వకంగా తెలియడం అదే మొదటిసారి.

ముందుగా వచ్చింది మస్తానమ్మ. భర్త పోయాక కౌలుకు తీసుకున్న పొలం చెక్కలో మిర్చి వేసుకుని ఇల్లు నడుపుకుంటున్న మనిషి. కొంగు ముడిలోంచి విత్తనాల పొట్లం తీసి బల్లమీద పెట్టింది.

"పోయినేడు గూడా ఇట్టాగే ఇచ్చి పోయానమ్మా. తోట పీకేసినాక వచ్చింది మీ కాయితం. ఈసారన్నా బేగి జెప్తారా?"

"కూర్చోండి. టీ తాగి వచ్చేలోగా చెప్తాను."

మస్తానమ్మ నమ్మలేదు. టీకి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ప్రసూనాంబ విత్తనాలను అద్దం మీద పరిచి, బొమ్మ తీసి, ప్రోగ్రాం చెప్పింది చదివింది. సగానికి సగం కల్తీ. మస్తానమ్మ విత్తనాలను గింజ కూడా పోకుండా మళ్ళీ పొట్లంలో పోసుకుని, దుకాణానికి వెళ్ళి, వాడి బల్లమీద కుమ్మరించి వేరే రకం తెచ్చుకుంది. అదీ పరీక్ష చేయించుకుని, బాగుందన్నాకే నారు పోసింది. ఆ యేడు ఆమె తోట ఎర్రగా కాసింది.

ఇంకేముంది, మరుసటి పంట కారుకు కేంద్రం ముందు జనం నిలబడ్డారు. ఆ జనాన్ని చూసి ఏదో గొడవ జరుగుతోందనుకుని ఎవరో పైకి సమాచారం ఇచ్చారు. గొడవను స్వయంగా పరిశీలించడానికి రాజధాని నుంచి కమిషనర్ గారు వచ్చారు.

కమిషనర్ గారు అప్పుడే ఏదో దేశంలో ఏదో సదస్సుకు వెళ్ళివచ్చారు. అక్కడ ప్రతి ఉపన్యాసంలోనూ కంటైనర్లు, కంటైనర్లు అని వినపడింది. అదేమిటో అడగడానికి హోదా అడ్డొచ్చింది. ఇప్పుడు చిలకపాడులో, తన సొంత శాఖలో, ఒక పాత కంప్యూటర్‌లో అదే మాట వినపడేసరికి ఆయన కళ్ళు మెరిశాయి.

"అంటే ఇది కంటైనరా?"

"అవును సార్. దీని లోపలున్న ప్రోగ్రాం విత్తనం బొమ్మ చూసి..."

"లోపలి సంగతి తర్వాత. ఇది కంటైనరే కదా?"

"కంటైనరే సార్."

"మనది. మన శాఖది," అన్నారాయన, పక్కనున్న దక్షిణామూర్తిగారి వైపు తిరిగి. "మీ ప్రోత్సాహమేనా?"

"ఆద్యంతం నా పర్యవేక్షణలోనే జరిగింది సార్," అన్నారు దక్షిణామూర్తిగారు.

కమిషనర్ గారు కంప్యూటర్ పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. బయట పొట్లాలతో నిలబడ్డ రైతులు ఫొటోలో పడకుండా కిటికీ మూయించారు.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రంలో శాఖకు చెందిన ప్రతి కంప్యూటర్‌లోనూ కంటైనర్లు నెలకొల్పాలి. కంటైనర్‌కు తెలుగు మాట కావలసి వచ్చి, పండితులతో ఒక సంఘం వేశారు. భరిణె అన్నారు ఒకరు. కుంకుమ గుర్తొస్తుందని, ప్రభుత్వం అన్ని మతాలదీ కాబట్టి కుదరదని ఇంకొకరు కొట్టేశారు. ధాన్యం పోసుకునే గుమ్మి అందామంటే పల్లెటూరి వాసన వేస్తుందన్నారు. చివరికి పేటిక ఖాయమైంది. పథకం పేరు పేటికీకరణ. దాని నినాదం 'ప్రతి పేటికా ప్రగతి వేదిక'.

జిల్లా అధికారులందరినీ వీడియో సమావేశంలో తెరమీద కూర్చోబెట్టి కమిషనర్ గారు పథకాన్ని వివరించారు. జిల్లాకు ఇన్ని పేటికలని లక్ష్యాలు. రాజధానిలో గోడంత తెరమీద రాష్ట్రపటం. పేటికలు తక్కువైన జిల్లా ఎరుపు, ఎక్కువైనది ఆకుపచ్చ. చిలకపాడు నుంచి పుట్టిన పథకం కాబట్టి ఆ జిల్లాకు ప్రసూనాంబను బాధ్యురాలిగా వేశారు. ఆమె సంతోషించింది. ఆ ప్రోగ్రాం ప్రతి మండలంలోనూ ఉంటే ఏ రైతూ బస్సెక్కి చిలకపాడు దాకా రావలసిన అవసరం ఉండదు. ఆ ఆశతోనే చెయ్యెత్తి అడిగింది.

"సార్, పేటికల లోపల విత్తన పరీక్ష ప్రోగ్రాం పెట్టమంటారా?"

కమిషనర్ గారు నవ్వారు. అమాయకులను చూసినప్పుడు పెద్దవారు నవ్వే నవ్వు.

"లోపల ఏం పెట్టాలన్నది రెండో దశ. మొదటి దశలో పేటికలు మాత్రమే. నిర్మాణం, వినియోగం రెండూ కలగాపులగం చేస్తే ఏ పథకమైనా దెబ్బతింటుంది."

"ఖాళీవి పెట్టమంటారా సార్?"

"ఖాళీ అనకండి. సంసిద్ధం అనండి."

ఆ విధంగా ప్రసూనాంబ జిల్లా అంతా తిరిగి సంసిద్ధమైన పేటికలు నెలకొల్పసాగింది. మార్కెట్ యార్డులో కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి, దుమ్ము దులిపి, పేటికలు పెట్టింది. అక్కడి గుమాస్తా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాడు.

"ఇందులో ఏముంటదండీ?"

"ప్రస్తుతానికి ఏమీ ఉండదండి."

"మరి నేనేం జెయ్యాల?"

"రోజూ పొద్దున్నే పేటిక ఉందో లేదో చూసి, ఉంది అని పైకి చెప్పాలి."

"ఏమీ లేనిది ఉందని జెప్పాల," అన్నాడతను తలాడిస్తూ. అర్థం కానట్టు కాదు, బాగా అలవాటైన పనే అన్నట్టు.

కంప్యూటర్లు మొదట నెమ్మదించాయి, తర్వాత నీరసించాయి. ఒక ఉత్తరం టైపు చేయాలంటే అక్షరం నొక్కి, అది తెరమీదకు వచ్చేదాకా ఆగి, ఇంకో అక్షరం నొక్కాల్సి వచ్చేది. సంసిద్ధమైన పేటికలు ఏ పనీ చేయకుండానే యంత్రం బలమంతా తినేస్తున్నాయి. కార్యాలయాలు ఒక్కొక్కటే మళ్ళీ కాగితం, కలం పట్టాయి. జిల్లా నుంచి వెళ్ళిన నివేదికలో ఈ పరిణామాన్ని 'పేటికీకరణ ఫలితంగా కంప్యూటర్లపై పనిభారం గణనీయంగా తగ్గినది' అని దక్షిణామూర్తిగారు నమోదు చేశారు. కరెంటే లేని ఒక పశువైద్యశాలకు సైతం 'విద్యుత్తు వచ్చిన తక్షణం అమలులోకి వచ్చు పేటికలు' మంజూరు చేశారు. అవి కూడా లెక్కలోకి వచ్చాయి. జిల్లా ఆకుపచ్చకు దగ్గరపడింది.

ఒక్క చోట మాత్రం ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. అది చిలకపాడు విత్తన పరీక్షా కేంద్రం.

దక్షిణామూర్తిగారు ప్రసూనాంబను పిలిపించారు. "జిల్లా అంతటికీ మీరు పెట్టించారు. మీ గదిలోనే ఎరుపేమిటమ్మా?"

"నా కంప్యూటర్‌లో ఒక పేటికే ఉంది సార్. అందులో ప్రోగ్రాం ఉంది. దాని పక్కన ఖాళీవి పెడితే అది పనిచేయదు."

"అదే లోపం. పేటికలన్నీ ఏకరూపంగా ఉండాలని ఉత్తర్వు. రాష్ట్రమంతటా పేటికలు శూన్యంగా ఉండగా మీదొక్కటి నిండుగా ఉండడం క్రమశిక్షణకు భంగం. రెండో దశ ప్రకటించకుండానే మీరు రెండో దశలో ప్రవేశించారు."

"మొదటి దశే నా పేటిక చూసి మొదలుపెట్టారు సార్."

"ఆ కాలంలో నియమాలు లేవు."

"వానలు పడుతున్నాయి సార్. బయట రైతులున్నారు. ఈ నెల ఒక్కటీ ఆగండి."

ఆయన ఆగడానికి సిద్ధపడ్డారేమో తెలియదు. రాజధాని ఆగలేదు. ఆ వారంలోనే అక్కడి కంప్యూటర్ నుంచి రాష్ట్రమంతటికీ ఒక ఆదేశం వెళ్ళింది: ప్రమాణాలకు సరిపోని పేటికలను తొలగించి, ఆ స్థానంలో ప్రామాణిక పేటికలను నింపవలెను. రాష్ట్రం మొత్తంమీద ప్రమాణాలకు సరిపోనిది ఒక్కటే ఉంది. ప్రసూనాంబ ఒక రైతు విత్తనాలను అద్దం మీద పరిచి, చేతులు తుడుచుకుని తెరవైపు తిరిగేసరికి ప్రోగ్రాం లేదు. దాని స్థానంలో శూన్యమైన పేటికలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి ఉన్నాయి. ప్రోగ్రాంను మళ్ళీ దిగుమతి చేయబోతే, అనుమతించిన వస్తువుల్లో అది లేదని కంప్యూటర్ చెప్పింది. అనుమతించిన వస్తువులు ఏమిటో చూసింది. ఏమీ లేవు.

రాజధాని తెరమీద జిల్లా ఆకుపచ్చగా మారింది.

ప్రసూనాంబ అద్దం మీది విత్తనాలను ఏరి మళ్ళీ పొట్లంలో పోసింది. ఆ రైతు పేరు నాసరయ్య, మస్తానమ్మకు మరిది. ఆ యేడు కొత్తగా వచ్చిన ఒక మిరప రకాన్ని ఊరంతా కొంటోంది. పొట్లం మీద నేల కనపడకుండా ఎర్రటి మిరపకాయల బొమ్మ. నాసరయ్య దాన్నే తెచ్చాడు.

"ఏందమ్మా, పోయిందా?"

"పోలేదు. తీసేశారు. మీరు మా ఇంటికి రండి. నా సొంత కంప్యూటర్ ఉంది."

అదే సాయంత్రం మస్తానమ్మ, నాసరయ్య ఆమె ఇంటి వరండాలో కూర్చున్నారు. ఆమె తన ల్యాప్‌టాప్‌లో పెట్టెను దించి, చిన్న స్కానర్ తగిలించి విత్తనాలు చూసింది. రెండోసారి కూడా చూసింది. ఆ విత్తనం మొలుస్తుంది, చెట్టవుతుంది, ఆకు బాగా వేస్తుంది. కాయ మాత్రం కాయదు. అదే మాట చెప్పింది.

నాసరయ్య గడ్డం గోక్కున్నాడు. "మొలకొత్తదంటన్నావు, చెట్టొత్తదంటన్నావు, మరి కాయెందుకు రాదమ్మా? కొట్టువాడు ముద్దరేసిన రసీదిచ్చాడు. నీ మాటకి ఆపీసు కాయితమేదన్నా ఉందా?"

"ఆఫీసులో చేయనివ్వడం లేదు నాసరయ్యగారూ. కానీ ఫలితం ఇదే."

"ఆపీసే నమ్మనిది నేనెట్టా నమ్మేది?"

"పోయినేడు నా తోట సూళ్ళేదా నువ్వు?" అంది మస్తానమ్మ. "ఆయమ్మ సెప్పినాకనే గదా నేను నారు బోసింది."

"అప్పుడు ఆపీసులో సెప్పింది వదినా. ఇది ఇంటికాడ."

మస్తానమ్మ ఆ రకం కొనలేదు. నాసరయ్య పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో చాలామంది అతని దారినే పోయారు.

ప్రసూనాంబ ఊరుకోలేదు. ఫలితం రాసుకుని దక్షిణామూర్తిగారి బల్లమీద పెట్టి, ఆ విత్తనం అమ్మకం ఆపించమని అడిగింది. ఆయన చదివారు. చదువుతుంటే ఆయన మొహం కూడా మారింది. కానీ బల్లమీద పెన్సిల్ ఎక్కడుందో చెయ్యి దానంతట అదే వెతుక్కుంది.

"ఇది ఏ యంత్రంలో చేశారు?"

"నాదాంట్లో సార్."

"అయితే ఇది నిజమే కావచ్చు, కానీ అధికారికంగా నిజం కాదు. వ్యక్తిగత కంప్యూటర్‌లో వచ్చింది వ్యక్తిగత అభిప్రాయం. దాని ఆధారంగా ప్రభుత్వం చర్య తీసుకుంటే రేపు ఎవరి ఇంట్లో తేలిన నిజాన్నయినా ప్రభుత్వం పట్టించుకోవలసి వస్తుంది."

"అంత నష్టమా సార్ అది?"

ఆయన ఆ కాగితాన్ని ఆమె వైపు జరిపారు. వారం తర్వాత ఆమెకు మెమో అందింది. శాఖాపరమైన కార్యాన్ని వ్యక్తిగత పేటికలో నిర్వహించి, తద్వారా ప్రభుత్వ కేంద్రంలో పరీక్షలు జరగడం లేదన్న భావన ప్రజల్లో కలిగించినందుకు సంజాయిషీ కోరుతూ. పరీక్షలు జరగడం లేదన్నది నిజమే కదా అని ఆమె సంజాయిషీ రాసింది. నిజమా కాదా అన్నది మెమోలో అడగలేదని బదులు వచ్చింది.

వానలు బాగా పడ్డాయి. నాసరయ్య తోట ఆ ఊళ్ళో అందరి తోటలకన్నా పచ్చగా లేచింది. దారినపోయేవాళ్ళు నిలబడి చూసేవారు. మొక్క నడుము దాటింది. పూత రాలేదు. ఆలస్యంగా పూస్తుందేమోనని ఎరువు వేశాడు, మందు కొట్టాడు. పక్క చెక్కలో వదిన కోతకు కూలీలను పిలుస్తుంటే, తన తోటలో ఆకులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒకరోజు మస్తానమ్మ గట్టుమీద నుంచి చూసి, ఇంటికి పోయి అన్నం కట్టి తెచ్చింది. నాసరయ్య తినలేకపోయాడు. మర్నాడు మొక్కలు పీకడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేటికీకరణలో రాష్ట్రంలోకెల్లా ప్రథమస్థానం సాధించినందుకు జిల్లాకు సన్మానం జరిగింది. కమిషనర్ గారు స్వయంగా వచ్చారు. వేదిక మీద దక్షిణామూర్తిగారికి శాలువా కప్పారు. ప్రసూనాంబ మీద మెమో పెండింగులో ఉన్నందున ఆమెను వేదిక ఎక్కించకుండా చివరి వరుసలో కూర్చోబెట్టారు.

సభ సగంలో ఉండగా నాసరయ్య, ఊళ్ళోని మరికొందరు రైతులు పీకిన మిరప మొక్కలు భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చారు. నష్టం చెప్పుకోవడానికి వచ్చారు వాళ్ళు. గేటు దగ్గరి ఉద్యోగికి, ఎవరైనా పూలగుత్తులు తెస్తే వేదిక మీదకు పంపమని ఆదేశం ఉంది. మొక్కలతో వచ్చిన వాళ్ళను చూసి అదీ అలాంటిదేననుకుని దారి చూపించాడు. నాసరయ్య ఎవరితో చెప్పుకోవాలో తెలియక అందరికంటే పెద్ద కుర్చీలో ఉన్నాయన దగ్గరికి వెళ్ళి, మొక్క ముందుకు చాపాడు. కమిషనర్ గారు లేచి, రెండు చేతులా అందుకుని, ఫొటో తీసేవాళ్ళ వైపు తిరిగారు.

"ఎంత పచ్చగా ఉందో చూడండి," అన్నారు మైకులో.

"కాయ లేదయ్యా," అన్నాడు నాసరయ్య. "ఒక్క కాయ గూడా లేదు. తోటంతా ఇంతే."

"కాయలు లేవా? అసలే కాయదా?"

"అసలే కాయదయ్యా."

కమిషనర్ గారు ఆలోచనలో పడ్డారు. రాష్ట్రంలో శాఖ కార్యాలయాలన్నింటి ముందూ మొక్కలు పెంచాలని ఆయన అంతకుముందే ఒక ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. కాయలు కాచిన చోటల్లా కోతులు దిగి, ఫైళ్ళు చింపి, ఉత్తర్వుకు అపకీర్తి తెస్తున్నాయి.

"కాయ కాయని మొక్క. కోతుల బెడద లేని పచ్చదనం. రైతు సోదరులు నేడు శాఖకు కానుకగా తెచ్చారు," అన్నారు. చప్పట్లు మోగాయి. నాసరయ్య ఏదో చెప్పబోయాడు. అతని మెడలో ఎవరో దండ వేసి, మెట్లు దింపారు. చివరి వరుసలోంచి లేచి వచ్చిన ప్రసూనాంబ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అతను దండ తీసి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

మరునాడు పత్రికలో ఫొటో వచ్చింది. కింద 'అన్నదాతల హరిత స్వాగతం' అని రాశారు.

ఆ వెంటనే అన్ని కార్యాలయాల్లోనూ ఆ మొక్కే నాటాలని నిర్ణయం జరిగింది. ఊళ్ళో అమ్ముడుపోగా మిగిలిన ఆ విత్తనాన్ని శాఖే కొనాలి. కొనాలంటే అది కచ్చితంగా కాయదని ప్రభుత్వ పరీక్షా కేంద్రం ధ్రువీకరించాలి. పొరపాటున కాస్తే బాధ్యత ఎవరిదని ఆర్థిక విభాగం అడిగింది. ఫైలు చిలకపాడుకు వచ్చింది. దక్షిణామూర్తిగారు దాన్ని స్వయంగా ప్రసూనాంబ గదికి తీసుకువచ్చారు.

"ఇవాళే కావాలమ్మా. కమిషనర్ గారు ఎదురుచూస్తున్నారు."

"ఈ కంప్యూటర్ నిండా ఖాళీ పేటికలే సార్. పరీక్ష చేయాలంటే నాదాంట్లోనే చేయాలి."

"చేయండి. ముఖ్యమైనది ఫలితం కానీ పరికరం కాదు."

ప్రసూనాంబ ఆయన మొహంలోకి చూసింది. ఆ మాట అన్నానన్న స్పృహ కూడా ఆ మొహంలో లేదు. ఒక్క క్షణం ఆమెకు ఆ ఫైలు ఆయన మీద విసిరేయాలనిపించింది. విసరలేదు. ల్యాప్‌టాప్ తెప్పించుకుని, ఆయన చూస్తుండగానే విత్తనాలను పరిచి, పరీక్ష చేసి, ధ్రువపత్రం రాసింది. కంపెనీ పేరు, రకం పేరు, పొట్లం మీది నంబరు ఏదీ వదలకుండా రాసింది. ఈ విత్తనం మొలుచును, పెరుగును, కాయ ఎంతమాత్రమూ కాయదు. దక్షిణామూర్తిగారు ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టారు. ఆరునెలల క్రితం అదే మాట రాసినందుకు ఆమె మీద మెమో ఇంకా నడుస్తోంది.

ధ్రువపత్రం పైకి వెళ్ళింది. దాని నకళ్ళు అడిగినవారికి ఇవ్వవచ్చునని నియమం ఉంది. ఎవరూ అడగరు కాబట్టి ఆ నియమాన్ని ఎవరూ తీసేయలేదు. ఆ సాయంత్రమే ప్రసూనాంబ మస్తానమ్మకు కబురు పెట్టింది. మస్తానమ్మ మరిదినీ, ఊళ్ళోని మిగతా రైతులనూ వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కొక్కరి చేత అర్జీ రాయించి, ఒక్కొక్కరికీ నకలు ఇచ్చింది ప్రసూనాంబ.

నాసరయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏం రాసుందమ్మా ఇందులో?"

"మీకు అమ్మిన విత్తనం కాయదని ప్రభుత్వమే ఒప్పుకుంది. వినియోగదారుల కోర్టులో కేసు వేయండి. కొట్టువాడికి గానీ కంపెనీకి గానీ దీనికి జవాబు లేదు."

"మీ ఆపీసు కూడా ఇరుక్కుంటదేమో గదా. తెలిసుండీ ఆపలేదని అడుగుతారు."

"అడగాలి. అడగమనే ఇస్తున్నాను."

నాసరయ్య వదిన వైపు చూశాడు. మస్తానమ్మ, నన్నేం చూస్తావు, ఆయమ్మను అడుగు అన్నట్టు గడ్డంతో సైగ చేసింది. అతను కాగితాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకుని, ప్రసూనాంబ వైపు తిరిగాడు.

"అప్పుడు నీ మాట ఇనలా నేను. ఇప్పుడు అడిగేదానికి మొగం సెల్లటంలా. వాయిదా నాడు కోర్టుకొచ్చి సాచ్చెం జెప్తావా తల్లీ?"

"చెప్తాను."

"సెలవిత్తారా మీ వోళ్ళు?"

"ఇవ్వరు," అంది ప్రసూనాంబ, బల్లమీది విత్తనాలను ఏరి డబ్బాలో పోస్తూ. "తేదీ తెలియగానే చెప్పండి. మొదటి బస్సుకే వచ్చేస్తాను."